వెబ్‌సైటుకు తెలుగు నేర్పడం

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఈ మధ్య ఒక ప్రశ్న మాటిమాటికీ కనబడుతున్నది. "మన సంఘానికి వెబ్‌సైటు కావాలంటున్నారు గదా, అది ఏ భాషలో ఉండాలి?" అని. తెలుగు సంఘానికి తెలుగు తప్ప మరొకటి ఎందుకని కొందరు పెద్దల వాదం. ఇంగ్లీషులో పెడితే చాలు, కావలసినవారు మీట నొక్కి తెలుగు చేసుకొంటారని కుర్రవాళ్ల వాదం. ఇంకొకరు, పుట్టి పెరిగింది మహారాష్ట్రంలో కనుక మరాఠీని వదిలితే ఎట్లా అని అడిగారు. అందరి మాటలోనూ కొంత నిజమున్నది. కాని ఏ భాష అని అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నదని మాకు తోస్తున్నది. ఎవరికోసం, ఏ పనికోసం అన్నదే ఆ ప్రశ్న. అది తేలితే భాష తగవు చాలవరకు తనంతట తానే తీరుతుంది.

ఒకే విషయాన్ని పలు భాషలలో పెట్టడం మనకు క్రొత్త విద్యేమీ కాదు. జేబులో నోటు తీసి చూడండి. హిందీ, ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో ఉంటాయి. వెనుకవైపు ఒక చిన్న పట్టీలో మరి పదిహేను భాషలు ఒకదాని క్రింద ఒకటి ఉంటాయి. అస్సామీతో మొదలై ఉర్దూతో ముగిసే ఆ వరుసలో మన తెలుగు పధ్నాలుగవది. ఆ వరుస భాషల ఇంగ్లీషు పేర్ల అక్షరక్రమాన్ని బట్టి వేసినది. ఎవరికీ పెద్దపీట లేదు, ఎవరికీ చిన్నపీట లేదు. ఇది మంచి పద్ధతే. అయితే నోటు చెప్పవలసినది ఒక్క మాటే, అది ఎన్ని రూపాయలో. వెబ్‌సైటు అట్లా కాదు. వచ్చిన మనిషి చేత అది ఒక పని చేయించాలి. దరఖాస్తు నింపించాలి, తేదీ తెలుపాలి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పాలి. పదిహేను భాషల పట్టీ అంటించినంత మాత్రాన ఆ పని జరగదు.

మన దాదర్ స్టేషను సంగతే తీసుకొనండి. అక్కడి బోర్డులు మూడు భాషలలో ఉన్నాయి. అయినా ఎన్నో ఏండ్లు ప్రయాణికులు తికమకపడుతూనే వచ్చారు. ఎందుకంటే పశ్చిమ రైల్వేకు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం ఉండేది, మధ్య రైల్వేకూ ఒకటో నంబరు ఉండేది. 'ఒకటో నంబరు' అన్నమాటను మూడు భాషలలో ఎంత చక్కగా వ్రాసినా అది ఏ ఒకటో నంబరో తెలిసేది కాదు. 2023 డిసెంబరు 9న ఆ చిక్కు తీర్చారు. పశ్చిమ రైల్వేవి 1 నుంచి 7 వరకు అట్లాగే ఉంచి, మధ్య రైల్వేవాటికి 8 నుంచి 14 వరకు నంబర్లు వేశారు. ఇందులో వెబ్‌సైటు వ్రాసేవారికి మొదటి పాఠమున్నది. మూలంలో చిక్కు ఉంటే అనువాదం దానిని విప్పదు. నాలుగు భాషలలోకి మోసుకొని పోతుంది. ముందు విషయాన్ని ఏదో ఒక భాషలో తేటగా వ్రాసుకోవాలి. ఆ తరువాతనే రెండవ భాష మాట.

ఇక ఎవరికోసం అన్న ప్రశ్నకు వద్దాము. కామాఠిపురకు ఆ పేరు పెట్టినది మనవారే అని మా పాఠకులకు చెప్పవలసిన పనిలేదు. నిజాం రాజ్యంనుంచి ఇక్కడికి కట్టుబడి పనులకు వచ్చిన కామాఠీలు నివసించిన పేట గనుక అది కామాఠిపుర. తరువాత నేతపని తెలిసిన కుటుంబాలు మిల్లులకోసం వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళీలలో స్థిరపడ్డాయి. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు కట్టించిన బీడీడీ చాళీలలో, 160 చదరపుటడుగుల ఖోలీలలో, మూడు నాలుగు తరాలు గడిపినవారు మన చందాదారులలోనే ఉన్నారు.

ఇప్పుడు అట్లాంటి ఇంట్లో ఎవరికి ఏ అక్షరాలు వచ్చునో లెక్క చూడండి. బామ్మగారు తెలుగు మాట్లాడతారు, ఏ లిపీ చదవరు. తండ్రి మునిసిపల్ తెలుగు బడిలో చదువుకొన్నాడు. తెలుగు చదువుతాడు, మరాఠీ కూడా కూడబలుక్కొంటాడు. కూతురు ఇంగ్లీషు బడిలో చదివింది. బామ్మతో తెలుగే మాట్లాడుతుంది, కాని వాట్సాప్‌లో ఆ తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో వ్రాస్తుంది. ఈ ముగ్గురి భాషా తెలుగే. కాని ఒకే తెలుగు పేజీ ముగ్గురికీ ఒకే విధంగా ఉపయోగపడదు. మాట్లాడే భాష వేరు, చదివే లిపి వేరు అన్న సంగతి గుర్తుంచుకోకుండా పైన 'తెలుగు' అని ఒక మీట పెట్టి చేతులు దులుపుకొంటే, ఆ మీట నొక్కేది తండ్రి ఒక్కడే అవుతాడు.

మన బృహన్ముంబయి నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, గుజరాతీ, ఉర్దూ, ఇంగ్లీషు, తమిళ, తెలుగు, కన్నడ భాషలలో, మొత్తం ఎనిమిదింటిలో, బడులు నడుపుతున్నది. అంత విశాలహృదయం గల సంస్థ సైతం తన వెబ్‌సైటును మరాఠీ, ఇంగ్లీషులలోనే నడుపుతున్నది. దీనికి మేము ఆక్షేపించడం లేదు. మరాఠీ ఇక్కడి రాజభాష, దానిని నేర్చుకోవడం మన ధర్మం కూడా. కాని ఆ ఎనిమిది భాషల బడులలో చదివిన వారందరూ ఈ రెండు భాషల వాకిట నిలబడవలసి వస్తున్నదన్నది మాత్రం వాస్తవం. ఆ వాకిలి దాటించే పని మనవంటి సంఘాలమీద పడుతున్నది.

ఇది ఏదో సాహిత్యసేవ అని అనుకోకండి. ఇండ్ల వ్యవహారం ఇందులో ఉన్నది. వర్లీ బీడీడీ చాళీలను పడగొట్టి క్రొత్త భవనాలు కట్టే పనికి 2021 ఆగస్టులో భూమిపూజ జరిగింది. 160 అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఇల్లు ఇచ్చే ఏర్పాటు అది. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 ఇండ్ల తాళంచెవులు ఇచ్చారు. మిల్లు కార్మికుల ఇండ్ల విషయంలో 2023లో మ్హాడావారు అర్హత పత్రాలను ఆన్‌లైనులో కూడా తీసుకొన్నారు. ఇట్లాంటి వాటిలో ఒక గడి తప్పు నింపినా, పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా, ఫైలు వెనుకకు పోతుంది. తిరిగే ఓపిక ఉన్నవాడు తిరుగుతాడు. లేని ముసలి ప్రాణం ఊరుకుంటుంది. అందుచేత తెలుగు పేజీలో ఏ మాట వ్రాస్తున్నామన్నది మీమాంసకుల ముచ్చట కాదు, ఇంటి గడప ముచ్చట.

మాట ఎంత చేస్తుందో మూడు ఉదాహరణలు చెప్తాము. మరాఠీ దరఖాస్తులలో 'వ్యవసాయ' అని ఒక గడి ఉంటుంది. దాని అర్థం మీరు చేసే వృత్తి ఏమిటని. మరాఠీ పేజీని ముందు పెట్టుకొని, సంస్కృతపదమే గదా అని, దానిని తెలుగులో 'వ్యవసాయం' అని దింపారనుకోండి. నలభై ఏండ్లు మగ్గం ముందు నిలబడిన మనిషి, 'నాకు వ్యవసాయం ఎక్కడిది?' అని ఆ గడిని ఖాళీగా వదిలేస్తాడు. లేదా ఊళ్లో ఉన్న అర ఎకరం గుర్తుకు వచ్చి 'ఉన్నది' అని వ్రాస్తాడు. రెండూ తప్పే. ఆ ప్రక్కనే 'శిక్షణ' అని ఉంటుంది; మరాఠీలో అది చదువు, మనకు అది తరిఫీదు. 'ఉద్యోగ' అని ఉంటే వారికి పరిశ్రమ, మనకు నౌకరీ. దగ్గరి చుట్టాలతో మాట పట్టింపు ఎక్కువ అన్నట్లు, దగ్గరి భాషలతోనే ఈ ప్రమాదం ఎక్కువ. ఇంగ్లీషు మాట తెలియకపోతే అడుగుతాము. తెలిసినదే అనుకొన్న మాటను ఎవరు అడుగుతారు?

రెండవది పేరు. ఇంగ్లీషు ఫారంలో మనిషి పేరుకు మూడు గళ్లు ఉంటాయి. మొదటిది తన పేరు, నడిమిది తండ్రి పేరో భర్త పేరో, చివరిది ఇంటిపేరు. మరాఠీవారికి ఈ వరుస సహజం. వారు పేరు చెప్పుకొనేదే అట్లా. తెలుగువాడికి ఇంటిపేరే ముందు. ఆ మొదటి గడికి తెలుగులో 'మొదటి పేరు' అని తర్జుమా చేస్తే తెలుగువాడు అక్షరాలా దానినే పాటించి ఇంటిపేరు వ్రాస్తాడు. తప్పు అతనిది కాదు గదా! అతనికి మొదటిపేరు ఇంటిపేరే. 'ఇంటిపేరు', 'మీ పేరు', 'తండ్రి లేక భర్త పేరు' అని వ్రాస్తే ఏ గందరగోళమూ లేదు. అంతకంటె మేలైనది ఒకే గడి పెట్టి, 'ఆధార్ కార్డుమీద ఉన్నట్లే మీ పూర్తి పేరు వ్రాయండి' అనడం.

మూడవది మర్యాద. చాల తెలుగు వెబ్‌సైట్లలో మీటలమీద 'వెతుకు', 'పంపు', 'నింపు' అని ఉంటుంది. ఇంగ్లీషు క్రియకు చిన్నాపెద్దా లేదు కనుక అక్కడ ఇబ్బంది లేదు. మనకున్నది. మన చాళీలో ఎనభై ఏండ్ల తాతగారిని పట్టుకొని ఎవరైనా 'పేరు చెప్పు' అంటే ఊరుకుంటామా? వెబ్‌సైటు అయినంత మాత్రాన దానికి ఆ చనువు ఎవరిచ్చారు? 'వెతకండి', 'పంపండి', 'నింపండి' అంటే రెండక్షరాలు పెరుగుతాయి, అంతే. మీట కొంచెం వెడల్పు చేస్తే సరి.

ఏ ప్రాంతపు తెలుగు వ్రాయాలన్నది మరో తగవు. కోస్తావారు 'అద్దె' అంటారు, తెలంగాణవారు 'కిరాయి' అంటారు, ముంబయిలో పుట్టిన మనపిల్లలు 'భాడా' అంటారు. రసీదును ఇక్కడ 'పావ్తీ' అంటేగాని తెలియనివారున్నారు. మా సలహా ఇది. కాగితంమీద అచ్చయి ఉన్న మాటను విడిచిపెట్టకండి. 'కిరాయి రసీదు, అనగా భాడా పావ్తీ' అని ఒకసారి రెండూ చెప్పి, తరువాత ఒక్కటే వాడండి. చదివేవాడు ఆ కాగితాన్ని పెట్టెలోనుంచి తీసి పోల్చి చూసుకోవాలి. నిఘంటువు తీసి కాదు. అట్లాగే 'లాగిన్', 'పాస్‌వర్డ్', 'డౌన్‌లోడ్' వంటి మాటలు జనం నాలుకమీద ఉన్నాయి. వాటికి బదులు సమాసాలు అల్లి పండితులను మెప్పించే చోటు దరఖాస్తు ఫారం కాదు.

ఇంతవరకు మాటల సంగతి. అక్షరాల సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి. ఎందుకంటే తెలుగు ఈ తెరమీదికి సులభంగా రాలేదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్‌వారు మనదేశంలో జనానికి ఇంటర్నెట్ తెరచిననాటికి తెలుగు అక్షరాన్ని తెరమీద చూపడం గగనమే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న మన కుర్రవాళ్లు 1990ల మొదట్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే ఒక పద్ధతిని ఏర్పరచారు, దానినే ఆర్.టి.ఎస్. అన్నారు. తరువాత పత్రికలు ఇంటర్నెట్టుకెక్కాయి. కాని ఎవరి అచ్చు వారిది. ఒక పత్రిక ఫాంటు మీ కంప్యూటరులో లేకపోతే వార్తకు బదులు పిచ్చిగీతలు కనబడేవి. ఒకచోటి తెలుగును నకలు తీసి మరొకచోట పెడితే అది తెలుగుగా ఉండేది కాదు.

ఆ దుస్థితిని తప్పించినది యూనికోడ్. లోకంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే ఏర్పాటు అది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ల స్థలం దక్కింది. అయితే స్థలం ఉన్నా ఇల్లు లేవడానికి పదేండ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు కోట్ల కంప్యూటర్లలోకి చేరింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాను ప్రారంభించారు. పత్రికల విడి ఫాంట్ల తెలుగును యూనికోడులోకి మార్చి చూపే 'పద్మ' అనే పరికరం కూడా వారు చేసినదే. తరువాత 'లేఖిని' వచ్చి, ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాసుకొనే సౌకర్యం ఇంటింటికీ ఇచ్చింది. 1998లో అమెరికాలో మొదలైన 'ఈమాట' పత్రిక నేటికీ నడుస్తున్నదంటే ఇట్లాంటి ఔత్సాహికుల చలవే. గురజాడ, గిడుగు, సురవరం, పెద్దన, తిమ్మన అనే పేర్లతో చక్కని తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి తెలుగు మాటను ఫోటోవలె బొమ్మ తీసి అంటించే పాతపద్ధతికి ఇక సాకు లేదు. బొమ్మలోని మాటను వెతకలేము, పెద్దది చేస్తే చెదిరిపోతుంది, చూపులేనివారికి యంత్రం చదివి వినిపించలేదు.

అయినా మన లిపి ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞ' తరువాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, దానిమీద దీర్ఘం, ఈ వరుస ఏదైనా సందేశంలో వస్తే ఆపిల్‌వారి ఐఫోను ఉన్నపళాన ఆగిపోయేది. జ్ఞానం మొదటి అక్షరానికే యంత్రం మూర్ఛపోయిందని మనవాళ్లు నవ్వుకొన్నారు. ఆ కంపెనీ కొద్దిరోజులలోనే, ఫిబ్రవరి 19న, మరమ్మతు పంపింది. నవ్వుకొన్నా అందులో సారమున్నది. ఇంగ్లీషు అక్షరాలు వరుసగా ప్రక్కప్రక్కన నిలబడతాయి. మనవి తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ పైకీ క్రిందికీ పెరుగుతాయి. ఇంగ్లీషుకు కొలిచి కుట్టిన చొక్కా తెలుగుకు తొడిగితే ఎక్కడో ఒకచోట పిగులుతుంది.

అందుచేత పేజీ తీర్చే కుర్రవాళ్లకు నాలుగు మాటలు. వరుసకూ వరుసకూ నడుమ ఇంగ్లీషుకు ఇచ్చినదానికంటె ఎక్కువ ఎడం ఇవ్వండి. లేకపోతే పై వరుస ఒత్తులు క్రింది వరుస గుడులను కొడతాయి. అక్షరాన్ని కొంచెం పెద్దది చేయండి. ఇంగ్లీషు శీర్షికలలో అందంకోసం అక్షరాలను దూరదూరంగా పరుస్తారు. తెలుగులో ఆ పని చేయకండి. నొక్కిచెప్పడానికి అక్షరాన్ని ప్రక్కకు వాల్చకండి. ముదురు చేయండి చాలు. 'ఇంతమందికి' వంటి మాటలలో సంఖ్యను యంత్రం చేత నింపిస్తే '1 ఉత్తరాలు వచ్చినవి' అని నవ్వులపాలవుతారు. ఒకటికీ పలువురికీ వేరువేరు వాక్యాలు వ్రాసి ఉంచండి. అంకెలు మాత్రం అందరూ చదివే 1, 2, 3 లే వాడండి. తెలుగు అంకెలు ముచ్చటే గాని, ఫోను నంబరు చదవవలసినచోట ముచ్చట పనికిరాదు.

భాష మార్చే మీటమీద 'తెలుగు' అన్నమాట తెలుగులోనే ఉండాలి, మరాఠీ అన్నమాట మరాఠీ లిపిలోనే ఉండాలి. ఇంగ్లీషు రానివాడికోసం పెట్టిన మీటను ఇంగ్లీషులో వ్రాయడం తలుపు తాళంచెవిని ఇంటిలోపల పెట్టి తాళం వేయడమే. దేశాల జెండాలతో భాషలను గుర్తించే అలవాటు ఐరోపాలో చెల్లుతుందేమో గాని ఒకే జెండా క్రింద ఇన్ని భాషలున్న మనకు చెల్లదు. ఇంకొకటి. దరఖాస్తు పేజీలో ఉన్నవాడు 'తెలుగు' నొక్కితే అదే దరఖాస్తు తెలుగులో రావాలి. మొదటి పేజీకి తీసుకుపోయి వదిలితే, ప్రభాదేవిలో దిగవలసినవాడిని మళ్లీ చర్చిగేటుకు పంపినట్లు.

"ఇదంతా ఎందుకు, యంత్రమే అనువదిస్తుంది గదా" అన్న యువకుల మాటకు ఇప్పుడు వస్తాము. గూగుల్‌వారి అనువాద యంత్రానికి 2011 జూన్‌లో తెలుగు వచ్చింది. భారత ప్రభుత్వం 2022లో 'భాషిణి' అనే ఏర్పాటును ప్రారంభించింది. ఈ యంత్రాలు ఏటికేడు మెరుగవుతున్నాయి. మేము వాటిని కాదనము. పాలుగల గేదెను ఎవరూ వద్దనరు. కాని పితికేవాడొకడు దగ్గర ఉండాలి. కథ చదువుకోవడానికి యంత్రం తెలుగు చాలు. ఒక మాట అటూయిటూ అయినా కొంప మునగదు. ఇంటి అర్హతకు, వైద్యానికి, పింఛనుకు సంబంధించిన పేజీని మాత్రం తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన మనిషి చదివి సరిచూడనిదే బయట పెట్టరాదు. యంత్రం చేత చిత్తుప్రతి వ్రాయించండి, మనిషి చేత చేవ్రాలు పెట్టించండి. తప్పు వస్తే యంత్రాన్ని ఎవరూ నిలదీయరు, సంఘాన్నే నిలదీస్తారు.

యంత్రం నిజంగా అక్కరకు వచ్చే చోటు మరొకటున్నది, చదవలేనివారికి చదివి వినిపించడం. ప్రతి పేజీకీ తాను ఏ భాషలో ఉన్నదో యంత్రానికి చెప్పే ఒక గుర్తు ఉంటుంది. తెలుగుకు ఆ గుర్తు 'టీ, ఈ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. చాలమంది ఇంగ్లీషు పేజీని నకలు తీసి తెలుగు నింపుతారు, ఆ గుర్తును ఇంగ్లీషుగానే వదిలేస్తారు. అప్పుడు చదివే యంత్రం తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి నత్తికొడుతుంది, లేదా మౌనం వహిస్తుంది. గుర్తు సరిగా ఉంటే బామ్మగారు ఫోను చెవి దగ్గర పెట్టుకొని వినవచ్చు. ముఖ్యమైన రెండుమూడు పేజీలను మన సభ్యులలో మంచి గొంతుగల వారెవరైనా చదివి రికార్డు చేసి పెడితే మరీ మంచిది. ఆకాశవాణి వార్తలు విని పెరిగిన తరానికి మనిషి గొంతు అంటే ఉన్న నమ్మకం వేరు. అట్లాగే తెలుగు లిపి రాని మనుమరాలికోసం వెతికే గడిలో ఇంగ్లీషు అక్షరాలతో 'కిరాయి' అని కొట్టినా పేజీ దొరికేటట్లు చేయాలి.

చివరగా అసలు కష్టం చెప్పాలి. వెబ్‌సైటు పెట్టడం పెండ్లి వంటిది. నడపడం కాపురం వంటిది. పెండ్లికి అందరూ వస్తారు. ఆరు నెలలకు మరాఠీ పేజీలో తేదీ మారుతుంది, తెలుగు పేజీలో పాతతేదీ అట్లాగే ఉంటుంది. అది నమ్మి ఒక కుటుంబం గడువు దాటిన తరువాత కాగితాలు పట్టుకొని వెళ్తుంది. తెలుగు పేజీ లేకపోతే వారు ప్రక్క ఖోలీవారినైనా అడిగేవారు. పాతబడిన తెలుగు పేజీ ఉండడం వల్ల అడగకుండా పోయారు. కాబట్టి పాతబడిన అనువాదం అసలు లేకపోవడంకంటె చెరుపు. ప్రతి పేజీ అడుగున 'ఈ పేజీని ఫలానా తేదీన సరిచూశాము' అని ఉండాలి. సరిచూడలేని పేజీని తీసివేసే ధైర్యం ఉండాలి.

ఈ దృష్టితో మేము మన కార్యవర్గం ముందు పెట్టదలచిన సూచన చిన్నది. వెబ్‌సైటు మొత్తాన్నీ నాలుగు భాషలలో పెట్టాలన్న ఆశ ఇప్పటికి వద్దు. అయిదు పేజీలు చాలు. ఇండ్ల పునర్నిర్మాణానికి కావలసిన కాగితాల జాబితా. మిల్లు కార్మికుల దరఖాస్తుల వివరం. మునిసిపల్ తెలుగు బడులలో చేరిక. పింఛను, ఆసుపత్రి సహాయం. సంఘం కార్యక్రమాల తేదీలు. ఈ అయిదూ తెలుగులో ముందు వ్రాయాలి, తర్జుమాగా కాదు. మరాఠీలో ఉన్న అసలు మాటలను ప్రక్కన అట్లాగే చూపాలి. అయిదింటికీ వినిపించే ఏర్పాటు ఉండాలి. ఇంగ్లీషులోనూ అదే సమాచారం, పిల్లలకోసం. మరాఠీలో మన సంఘం ఏమిటో, మన పండుగలేమిటో చెప్పే ఒక పేజీ, ఇరుగుపొరుగువారికోసం. వారికి మన దరఖాస్తుల పేజీ అక్కరలేదు, మనవాళ్లకు మన పరిచయం అక్కరలేదు. ఏ భాషకు ఆ భాష పని.

దీనికి డబ్బుకంటె మనుషులు కావాలి. ఒక్కొక్క పేజీకి ఇద్దరు, తెలుగు బాగా చదివిన పెద్ద ఒకరు, కంప్యూటరు తెలిసిన పిల్ల ఒకరు. పెద్దవారు మాట చెప్తారు, పిల్లలు తెరమీద పెడతారు. నెలకొకసారి ఇద్దరూ కూర్చొని తేదీలు సరిచూస్తారు. తెలుగు చదవడం మరచిపోతున్న పిల్లలకు ఇది బడికంటె మంచి బడి అవుతుందని కూడా మా ఆశ. పేజీ బయట పెట్టే ముందు దానిని చాళీలో ఎవరైనా ఒక పెద్దావిడ చేతికిచ్చి, ప్రక్కన నిలబడి, ఏమీ చెప్పకుండా చూడాలి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ మన వ్రాత ఆగినట్లు లెక్క.

ఈ పనికి ముందుకు రాదలచినవారు తమ పేరు, ఏయే భాషలు చదవగలరు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు అన్న వివరాలతో ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు వ్రాయండి. ఫోనులో వ్రాసినా సరే, తెలుగు లిపిలో వ్రాసినా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసినా సరే. అట్లాగే మీ ఇంట్లో మరాఠీ దరఖాస్తులో అర్థంకాక ఆగిపోయిన మాట ఏదైనా ఉంటే అదికూడా వ్రాసి పంపండి. వచ్చిన మాటలన్నిటినీ తెలుగు అర్థాలతో వచ్చేనెల ఇదే శీర్షికలో అచ్చువేస్తాము. తరువాత వెబ్‌సైటులో మొదట ఎక్కేది ఆ జాబితాయే.